చప్పుడు ఆగితే నమ్మడు

జ్ఞానశేఖర్‌కి మోత అంటే భయం లేదు. మోత ఆగిందంటేనే భయం.

దువ్వాడ దాటాక రోడ్డుకి లోపలగా ఉన్న ఒక ప్రైవేటు రోలింగ్ మిల్లులో అతను పంప్‌హౌస్ ఆపరేటరు. ఎర్రగా కాలిన ఇనుము రోలర్ల మధ్య నుంచి పరుగెత్తేటప్పుడు వాటి మీద నీళ్లు ఆగకుండా పడాలి. ఆ నీళ్లు పంపేవి అతని పంపులు. అవి తిరుగుతున్నంతసేపూ పక్క మనిషి అరిచినా వినపడదు. కొత్తగా చేరినవాళ్లు చెవుల్లో దూది కుక్కుకుని తలనొప్పి అంటారు. శేఖర్ ఆ మోతలోనే క్యారేజీ విప్పుకుని తాపీగా తింటాడు. మోత కాస్త సన్నబడిందంటే మాత్రం, నోటి దాకా వెళ్లిన ముద్ద మళ్లీ గిన్నెలోకి వస్తుంది. లేచి వెళ్లి, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను బేరింగు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుంటాడు.

ప్యానెల్ మీద పచ్చ బల్బు వెలుగుతున్నా అతనికి లెక్కలేదు. "బల్బుదేటుంది? కరెంటుంటే ఎలుగుతాది. పంపు తిరుగుతందని దానికేటి తెల్సు?" అంటాడు. చెయ్యి వేసి చూస్తే తప్ప నమ్మడు. ఇంటి దగ్గరా అంతే. గ్యాసు బండ వస్తే సీలు గోటితో గీకి చూస్తాడు. వంజరం చేప కొంటే మొప్పలు ఎత్తి చూశాక కూడా, రంగు వేశారేమోనని వేలితో రుద్దుతాడు. భార్య జయశీల కంచరపాలెంలో ఇంటి ముందు గదిలోనే కుట్టు మిషను పెట్టుకుంది. "నన్ను కూడా అలగే తిరగేసి సూసి సేసుకున్నాడు," అంటుంది కొలతలివ్వడానికి వచ్చినవాళ్లతో.

ఇలాంటి మనిషి గిటారు వాయిస్తాడంటే మిల్లులో సగం మంది నమ్మరు. వాళ్ల నాన్న పేరు జాక్సన్, ఆయన చర్చిలో గిటారు వాయించేవాడు. ఆదివారాలు ఆ చెక్క గిటారు మీదే శేఖర్ కీర్తనలు వాయిస్తాడు. మిగతా రోజుల్లో అతని చేతిలో ఉండేది కరెంటు గిటారు. దానికీ స్పీకరుకీ మధ్య డిస్టార్షన్ పెట్టె ఒకటి ఉంటుంది. తీగ చప్పుడును చించి, కొన్ని వందల రెట్లు పెంచి, రంపపు మిల్లులా చేసి బయటికి వదలడం దాని పని. నలభై దాటిన మనిషికి ఇదేం సరదా అని చర్చిలో పెద్దలు అడిగితే, "పంపులు గుర్తొస్తాయండి," అని నిజమే చెప్తాడు.

బ్యాండులో అతను కాక ఇద్దరే. టైర్ల షాపులో పనిచేసే రోహిత్ డ్రమ్స్ వాయిస్తాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా శేఖర్‌ని బావా అంటాడు. హేమశ్రీ పగలు ఒక ఆఫీసులో ఫోన్లలో మెత్తగా మాట్లాడుతుంది, సాయంత్రం గొంతు అడుగు నుంచి పులిలా గాండ్రిస్తూ పాడుతుంది. రైలు పట్టాల పక్కన రోహిత్ మేనమామ పాత గోడౌన్ వాళ్ల సాధన స్థలం.

చిక్కు ఫిబ్రవరిలో మొదలైంది. ఒక కాలేజీ వార్షికోత్సవంలో వాళ్లు సొంతంగా కట్టుకున్న పాట వాయించారు. పాట మధ్యలో ముగ్గురూ ఒక్కసారిగా ఆగిపోవాలి. ఊపిరి పీల్చుకునేంత సేపు ఏమీ ఉండకూడదు. అప్పుడు హేమశ్రీ గాండ్రింపుతో ముగ్గురూ కలిసి మళ్లీ విరుచుకుపడాలి. ఆ ఖాళీ కోసమే పాట కట్టారు. ఆ రోజు ముగ్గురూ ఆగారు, శేఖర్ స్పీకరు ఆగలేదు. జుయ్యిమని మోగుతూనే ఉంది. ముందు వరసలోంచి ఎవడో కుర్రాడు, "అన్నా, గ్రైండరు కట్టేయండన్నా!" అని అరిచాడు. హాలంతా నవ్వింది.

"అక్కడ కరెంటు బాగులేదు," అన్నాడు శేఖర్, గోడౌన్‌కి తిరిగొచ్చాక.

"ఇక్కడ కూడా మోగుతంది కదా బావా," అన్నాడు రోహిత్. "ఇక్కడి కరెంటు కూడా కాలేజీ నుంచే ఒత్తందేటి?"

హేమశ్రీ నవ్వలేదు. "శేఖరన్నా, మే నెలలో బీచ్‌లో షో ఉంది. ఊళ్లో బ్యాండులన్నీ ఒస్తాయి. ఆ ఖాళీ ఖాళీగా లేకపోతే ఆ పాట ఒద్దు. నాయిస్ గేటు కొనుక్కో అన్నా."

నాయిస్ గేటు అంటే శేఖర్‌కి తెలియక కాదు. మిల్లు గేటు దగ్గర సెక్యూరిటీవాడు ఎలాగో అదీ అలాగే. తీగ మీటితే వచ్చే బలమైన చప్పుడుకి తలుపు తీస్తుంది. మీటడం ఆపగానే మిగిలే గుయ్యిమనే రొదని పాసు లేదని ఆపేస్తుంది. కాలితో తొక్కే చిన్న ఇనుప డబ్బా. డిస్టార్షన్ ఎంత ఎక్కువ పెడితే దాని అవసరం అంత ఎక్కువ. ఇన్నాళ్లూ కొనకపోవడానికి కారణం ఒకటే. నోరు నొక్కడమే పనిగా పెట్టుకున్న యంత్రం మీద అతనికి నమ్మకం కుదరలేదు.

కానీ మరుసటి వారం గోడౌన్‌కి వెళ్లేసరికి, పాత పెయింటు డ్రమ్ము మీద కొత్త మనిషి కూర్చుని ఉన్నాడు. ఆనందపురం నుంచి వచ్చాడట, పేరు సుమంత్, గిటారు వాయిస్తాడట.

"ఊరికే, మీరు వాయిస్తే ఇందామని ఒచ్చానన్నా," అన్నాడు సుమంత్ లేచి నిలబడి.

అతని పక్కనే గోడకి ఆనించి గిటారు సంచి ఉంది. ఊరికే వినడానికి వచ్చినవాడు ఆనందపురం నుంచి గిటారు మోసుకొస్తాడా? శేఖర్ ఆ ప్రశ్న పైకి అడగలేదు. మర్నాడే జగదాంబ జంక్షన్ దగ్గర వాయిద్యాల దుకాణానికి వెళ్లాడు.

దుకాణంలో ఉదయ్‌కుమార్ అనే సేల్స్ మనిషి మూడు డబ్బాలు బల్ల మీద పెట్టాడు. మొదటిదానికి ఒకటే మీట. "తిప్పి ఒగ్గేయడమే సార్," అని, దుకాణం గిటారుతో మెత్తగా వాయించి, చేతులెత్తి చూపించాడు. నిశ్శబ్దం.

"ఇలగ కాదు," అని శేఖర్ సంచిలోంచి తన డిస్టార్షన్ పెట్టె తీసి కలిపాడు. మీటలన్నీ చివరిదాకా తిప్పాడు. "ఆ ఫ్యానేయండి. ట్యూబులైటు కూడా ఏయండి."

"పగలే కదా సార్?"

"మా గోడౌన్లో రెండూ ఉన్నాయి మరి."

ఇప్పుడు అసలు రంగు బయటపడింది. రొద ఆగిందిగానీ, తీగ మీటి వదిలితే సాగాల్సిన స్వరం తోక మధ్యలోనే కత్తెరతో కోసినట్టు తెగిపోయింది. తోక బతకాలని మీట తగ్గిస్తే రొద తిరిగొచ్చింది.

రెండో డబ్బాని ఉదయ్‌కుమార్ మొక్కుబడిగా చూపించాడు. "పాత మోడల్ సార్. దీనికి ఇంకో మీటుంది. గేటు పూర్తిగా మూసుకోవాలా, కొంచెం సందు ఉంచాలా అన్నది మనమే పెట్టుకోవచ్చు. సందున్న గేటు ఎవడికి కావాల సార్? పక్కనెట్టండి."

మూడోది తీసేటప్పుడు అతని మొహం వెలిగింది. "దీనికి నాలుగు వైర్లు. గిటారు ముందు దీంట్లోకే ఒస్తాది. డిస్టార్షన్‌కి వెళ్లకముందే, అసలు తీగ మోగుతందో లేదో సూసుకుంటాది. అందుకే పొరబడదు." నిజమే. అరచేయి ఆనించి టకటకా కొట్టిన ప్రతి దెబ్బా విడివిడిగా పడింది. సాగదీసిన స్వరం చివరిదాకా సాగి చచ్చింది. ఆ తర్వాత ఏమీ లేదు. స్పీకరు ఉన్నట్టే లేదు.

శేఖర్ నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. "ఇది పన్సేత్తందో సచ్చిపోయిందో ఎలగ తెలుస్తాది?"

"సౌండు రాకపోతే పన్జేస్తన్నట్టే కదా సార్."

"సచ్చిపోయినా సౌండు రాదు కదా."

ఉదయ్‌కుమార్ డబ్బాని అతని వైపు తిప్పాడు. "లైటుంది సార్. గేటు మూసుకుంటే ఎర్రగా ఎలుగుతాది."

"లైటుదేటుంది," అన్నాడు శేఖర్. రేపొస్తానని చెప్పి వచ్చేశాడు. దారి పొడుగునా, మూడోదాన్ని అంతగా పొగిడి రెండోదాన్ని తోసేయడంలో ఏదో ఉందనే అనుకున్నాడు.

"మూడోది బాగానే పన్సేసిందంటన్నావు. మరేటి నీ అనుమానం?" అంది జయశీల.

"రెండోది సరిగ్గా ఇననే లేదు. మూడోది మరీ బాగా పన్సేసింది. అదే అనుమానం."

అతను అటూ ఇటూ తేల్చుకోకముందే, రోహిత్ ఒక సాయంత్రం గీతలు పడ్డ పాత డబ్బా తెచ్చి చేతిలో పెట్టాడు. దుకాణంలో చూసిన మూడో రకమే. "సుమంత్‌ది బావా. ఆడే వాడుకోమన్నాడు."

"ఎందుకు?"

"ఎందుకేటి? మంచోడు కాబట్టి."

ఆ రాత్రి భోజనానికి ముందే శేఖర్ డబ్బా అడుగు మరలు విప్పాడు. బోర్డు వాసన చూశాడు. కాలిన కంపు లేదు. అతుకులు ఒక్కొక్కటీ కదిపి చూశాడు. వదులు లేవు. ఏ లోపమూ కనిపించకపోవడంతో అనుమానం ఇంకొంచెం ముదిరింది. అయినా వాడక తప్పలేదు.

గోడౌన్‌లో పాట ఎత్తుకున్నారు. ఖాళీ దగ్గరికి వచ్చి ముగ్గురూ ఆగారు. రొద లేదు. ఆ శూన్యం మధ్యలో, టక్.

చిన్న చప్పుడే, కానీ ఆ పెద్ద స్పీకరులోంచి, ఆ డిస్టార్షన్‌లోంచి వచ్చేసరికి గోడకి మేకు కొట్టినట్టుంది. మళ్లీ వాయించారు. మళ్లీ టక్. హేమశ్రీ మైకు దించి శేఖర్ వైపు చూసింది. పెయింటు డ్రమ్ము మీద కూర్చున్న సుమంత్ నేల వైపు చూశాడు. ఆ నేలచూపు శేఖర్ గుర్తుపెట్టుకున్నాడు.

"డబ్బాలో లోపం," అన్నాడు. "ఎవడో కావాలనే ఇచ్చినట్టుంది."

"అన్నా, నాను అలాంటోణ్ణి కాదు," అన్నాడు సుమంత్ మెల్లగా.

శేఖర్ దుకాణానికి వెళ్లి ఉదయ్‌కుమార్‌ని బతిమాలి, అదే రకం కొత్తది రెండ్రోజులకి అడిగి తెచ్చాడు. పెట్టె తన కళ్ల ముందే విప్పించాడు. గోడౌన్‌లో దానితోనూ టక్. వైర్లు మార్చాడు. టక్. కరెంటు ఇంకో ప్లగ్గులోంచి లాగాడు. పట్టాల మీద గూడ్సు బండి వెళ్లడం వల్ల గిటారు అదురుతోందన్నాడు. బండి లేనప్పుడు వాయించారు. టక్.

"రోహిత్, నీ స్టూలు కిర్రుమంటందేమో సూడు."

"నా స్టూలు నీ స్పీకర్లోంచి కిర్రుమంటాదేటి బావా?"

హేమశ్రీ అప్పుడు ఆ మాట అంది. "అన్నా, నువ్వేటీ అనుకోకు. ఇది సర్దుకోకపోతే బీచ్‌లో ఆ ఒక్క పాటకి సుమంత్‌ని వాయించమంటాం. ఒక్క పాటే."

ఒక్క పాట ఎక్కడ ఆగుతుందో శేఖర్‌కి తెలుసు. మిల్లులో ఒక్క షిఫ్టు చూసుకో అని పిలిస్తే వచ్చినవాడు ఆ తర్వాత అక్కడే ఉండిపోవడం చాలాసార్లు చూశాడు. ఈ గిటారు పోతే అతనికి పంపులూ ఆదివారం కీర్తనలూ మిగులుతాయి. ఆ రెండూ చాలు అనుకునే మనిషైతే ఈ డబ్బాల గొడవే ఉండేది కాదు.

ఆ సాయంత్రం రోహిత్ సాధనని ఫోనులో తీసి పంపాడు. "బావా, నీ కుడిచెయ్యి సూసుకో," అని కింద రాశాడు. వీడియోలో అందరూ ఆగిన క్షణాన శేఖర్ కుడిచేతి బొటనవేలు కదిలి, లావు తీగని ఒకసారి తట్టింది.

"ఫోన్లో సౌండూ బొమ్మా ఎనకాముందూ అవుతాయి," అన్నాడు శేఖర్.

జయశీల అద్దాలు పెట్టుకుని చూసింది. "అయితే ఆ బొటనేలు ఎవలిది? రోహిత్‌ది ఊడి ఒచ్చి నీ సేతికి అతుక్కుందేటి?"

అతను ఫోను తిరగేసి బల్ల మీద పెట్టాడు. 

మర్నాడు మధ్యాహ్నం షిఫ్టు. వారానికోసారి ఒక పంపుని ఆపి, దాని బదులు పక్కదాన్ని ఎక్కిస్తారు. నీటికి లోటు రాకుండా మిగతావి తిరుగుతూనే ఉంటాయి. శేఖర్ బటన్ నొక్కాడు. పాత పంపు మోత దిగుతూ దిగుతూ ఆగింది. కొత్తది అందుకునేలోగా చిన్న ఎడం. ఆ ఎడంలో అతను తన కుడిచెయ్యి వైపు చూశాడు. ఎవరూ చెప్పకుండానే అది కొత్త పంపు ఒంటి మీదికి వెళ్లిపోయింది. బొటనవేలు ఇనుము మీద ఒకసారి తట్టింది.

పక్కనే ఉన్న ఎల్లాజీ అతనితో కలిసి ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్నాడు. "ఏటి గురూ, సేతిని అలగ సూసుకుంటన్నావు? కాలిందేటి?"

"కాదు గానీ, నాను ఎప్పుడూ ఇలగే తడతానా?"

"ఇయ్యాల కొత్తేటి? మోత ఆగితే నీ సెయ్యి ఊరుకుంటాదా? ఉందా, పోయిందా అని తట్టి సూసుకోవాల్సిందే. నీ దగ్గర పని నేర్సుకుని ఇప్పుడు నాకూ అలగే అలవాటయిపోయింది."

ఇంతకాలం తను అనుమానించని వస్తువు ఒక్కటే మిగిలిందని, అది తన చేతికే ఉందని శేఖర్‌కి అప్పుడు తెలిసింది. రోషం రాలేదు. లోపం ఎక్కడుందో దొరికాక పనివాడికి వచ్చే చిరాకు మాత్రం వచ్చింది.

దొరకడం వేరు, బాగుచేయడం వేరు. ఖాళీ దగ్గర అరచేతిని తీగల మీద అదిమిపెట్టి చూశాడు. బొటనవేలు పక్కనుంచి వెళ్లి తట్టింది. వేలికి ప్లాస్టరు చుట్టాడు. ప్లాస్టరుతో సహా తట్టింది. పళ్లు బిగపట్టి ఆపితే, తర్వాత పడాల్సిన దెబ్బ ఆలస్యమైంది. హేమశ్రీ ఏమీ అనడం మానేసింది. అది అన్నింటికంటే చెడ్డ గుర్తు.

ఒకనాడు పంపు పక్కన కూర్చుని స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి ఉండగా అతనికి తట్టింది. చెయ్యి ఎందుకు వెళుతోంది? ఏమీ వినపడక. వెంట్రుకవాసి చప్పుడు వినపడినా అది వెళ్లదు. అయితే కావలసింది బాగా మూసుకునే గేటు కాదు.

ఉదయ్‌కుమార్ ఆశ్చర్యపోయాడు. "రెండోదా సార్? అది ఒద్దన్నారు కదా?"

"నాను అన్లేదు. నువ్వు అన్నావు."

డబ్బా కలిపి, డిస్టార్షన్ మొత్తం పెట్టి, సందు మీటని కొంచెం కొంచెంగా తిప్పాడు. సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి, మొన స్పీకరు చట్రానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. దుకాణంలో ఉన్నవాళ్లు ఆగి చూశారు. చివరికి సన్నటి పోగులాంటి రొద ఒకటి మిగిలింది. దాని చెంత నిలబడితేనే ఉంది, అడుగు దూరం జరిగితే లేదు.

"గుమ్మం కాడికెళ్లి నిలబడు. ఇనపడతందా?"

"లేదు సార్."

"సరుకు అమ్ముడవ్వాలని సెప్తన్నావా?"

ఉదయ్‌కుమార్ దండం పెట్టాడు. శేఖర్ పక్క టీ కొట్టు గంగాలమ్మను పిలిచి గుమ్మంలో నిలబెట్టాడు. "ఏటినాల బాబూ? ఏటీ లేదు కదా," అంది ఆమె విసుగ్గా. ఆమెకి ఆ డబ్బా మీద లాభం లేదు. అందుకని నమ్మాడు, కొన్నాడు.

గోడౌన్‌లో ఆ వారం స్పీకరుని తన పిక్కకి ఆనేంత దగ్గరికి లాక్కున్నాడు. ముగ్గురూ ఆగారు. ఏమీ లేదు. హేమశ్రీ గాండ్రించింది, ముగ్గురూ ఒకే దెబ్బగా పడ్డారు. రోహిత్ కర్రలు గాల్లోకి ఎగరేశాడు. "ఏటి సేసేవ్ బావా?"

"డబ్బా మార్చేను," అన్నాడు శేఖర్. మిగతాది చెప్పలేదు. చెప్తే వాళ్లకీ ఆ పోగు వినపడటం మొదలవుతుందని అతని అనుమానం.

బీచ్‌లో షో సాయంత్రం. జనం బాగా వచ్చారు. వాళ్ల వంతు వచ్చింది, పాట మధ్యకి చేరింది, ముగ్గురూ ఆగారు. నిశ్శబ్దం కావలసిన చోట వేదిక వెనక అల ఒకటి విరిగిన చప్పుడు మాత్రం వచ్చింది. శేఖర్‌కి అది కూడా సరిగ్గా వినపడలేదు. పిక్క పక్కన సన్నగా మోగుతున్న పోగునే వింటున్నాడు. ఉంది. పోలేదు. చెయ్యి కదల్లేదు. హేమశ్రీ గొంతు లేచింది, దెబ్బ పడాల్సిన చోట పడింది. ముందు వరసలో ఎవరూ నవ్వలేదు.

బహుమతి ఇంకో బ్యాండుకి వెళ్లింది. వచ్చే నెల షోకి శేఖరన్న షిఫ్టు ఎప్పుడో కనుక్కోమని హేమశ్రీ రోహిత్‌తో అనడం అతనికి వినపడింది. సుమంత్ పేరు రాలేదు.

సుమంత్ మాత్రం వేదిక వెనక్కి వచ్చాడు, తన పాత డబ్బా తీసుకెళ్లడానికి. శేఖర్ అతన్ని పక్కకి పిలిచాడు.

"ఒక మాట సెప్పు. నా సోటు కోసమే కదా ఒచ్చేవు?"

సుమంత్ చెప్పుతో ఇసుకని పక్కకి నెట్టాడు. "అవునన్నా. కాలేజీ షో అయ్యాక నానే రోహిత్‌ని అడిగాను. ముందు నీకే ఇంకో అవకాశం ఇచ్చి సూద్దామన్నారు."

"మరి గేటు ఎందుకిచ్చేవ్? రొద పోతే నాకే మేలు కదా?"

"రొద కింద నీ బొటనేలు టక్కు ఆ రోజే ఇనపడిందన్నా నాకు. రొద పోతే అందరికీ ఇనపడుద్దని ఇచ్చేను."

శేఖర్ అతని మొహంలోకి చూశాడు. ఇన్నాళ్ల అనుమానంలో డబ్బా విషయం తప్పయినా మనిషి విషయం తప్పు కాలేదు. అతనికి ప్రాణం కుదుటపడింది. ఈ కుర్రాడి మీద మొదటిసారి కాస్త నమ్మకం కూడా కలిగింది.

"సెవులు మంచియిరా నీయి," అన్నాడు. డబ్బా అతని చేతికి ఇచ్చి, వెళ్లబోతుంటే ఆపాడు. "ఇక్కడే పెట్టి సూసుకో. రేపు పన్సెయ్యట్లేదని నా మీద సెప్పకు."

సుమంత్ నవ్వబోయి, శేఖర్ నవ్వడం లేదని చూసి, వేదిక పక్కన పడి ఉన్న స్పీకరుకి గిటారూ డబ్బా కలిపాడు. ఎర్ర లైటు వెలిగింది. ఏ చప్పుడూ రాలేదు. ఇద్దరూ వంగి విన్నారు.

"పన్సేత్తందన్నా," అన్నాడు సుమంత్.

"ఎలగ తెల్సు?"

సుమంత్ లైటు వైపు చూశాడు. స్పీకరు వైపు చూశాడు. బొటనవేలితో లావు తీగని ఒకసారి తట్టాడు.